బెంగళూరు క్యాథలిక్ స్కూళ్లలో ఆరో తరగతి, ఒకటో తరగతి: తెలిసినవాళ్లు చెప్పండి

నెల్లూరు_నాన్న
జూన్ 2026కల్లా నెల్లూరు నుంచి కె.ఆర్. పురం వచ్చేస్తున్నాం. పాప ఆరో తరగతికి, బాబు ఒకటో తరగతికి. బాబు 2020 జూలైలో పుట్టాడు. మాది బాప్టిస్టు చర్చి. క్యాథలిక్ స్కూళ్లలో క్రైస్తవులకు ముందు సీట్లిస్తారనీ, 25 శాతం ఉచిత సీట్లు ఉంటాయనీ ఇక్కడ అనుకుంటున్నారు. ఏది నిజం? కాగితాలేం కావాలి? లోపల పిల్లలకు ఏం మారుతుంది? మంచి స్కూలు, చెడ్డ స్కూలు అని కాకుండా పనికొచ్చే వివరం చెప్పండి.

మ్యూజియం_రోడ్డు
ముందు ఒక మాట సరిచేసుకుందాం అండి. మనవైపు ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా 'కాన్వెంటే'. అసలు కాన్వెంటు అంటే సిస్టర్లు ఉండే మఠం. బెంగళూరులో ఆ అలవాటుతో వెతికితే సంస్థలన్నీ కలగాపులగం అయిపోతాయి. బిషప్ కాటన్ 1865 నాటిది, అది సీఎస్ఐ వాళ్లది. బాల్డ్విన్ 1880 నాటిది, మెథడిస్టులది. రెండూ క్యాథలిక్ కావు. సెయింట్ జోసెఫ్స్ బాయ్స్ హైస్కూలును 1858లో ఫ్రెంచి మిషనరీ గురువులు (ఫాదర్లు) మొదలుపెట్టారు, 1937 నుంచి జెస్యూట్లు నడుపుతున్నారు. మ్యూజియం రోడ్డులోనే ఉన్న సేక్రెడ్ హార్ట్ గర్ల్స్ గుడ్ షెపర్డ్ సిస్టర్లది. ఇవి కాక అగ్రమేత్రాసనం, అంటే ఆర్చిబిషప్ గారి ఆఫీసు, నేరుగా నడిపే బడులు చాలా ఉన్నాయి.

ఎవరు నడుపుతున్నారో ఎందుకు తెలియాలంటే, ఫీజు తగ్గించమని అడిగినా, ఫిర్యాదు చేసినా ఆ దారిలోనే వెళ్లాలి. సిస్టర్ల బడిలో ప్రిన్సిపాల్ పైన మేనేజరు, ఆమె పైన ఆ సిస్టర్ల సభకు ప్రాంతీయ పెద్ద అయిన ప్రొవిన్షియల్ ఉంటారు. ప్రిన్సిపాళ్లకు బదిలీలుంటాయి. పాత ప్రిన్సిపాల్ నోటిమాటగా ఒప్పుకున్నది కొత్తవారికి తెలియదు. ఏ సడలింపు ఇచ్చినా డైరీలోనో ఉత్తరం మీదో రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

మీ ప్రశ్నకు: క్యాథలిక్ స్కూలు మైనారిటీ సంస్థ, రాజ్యాంగం 30వ అధికరణం కింద నడిచేది. క్యాథలిక్కులు, ఇతర క్రైస్తవులు, అక్కో అన్నో అక్కడే చదువుతున్నవాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు, సిబ్బంది పిల్లలు, ఆ తర్వాత మిగతావాళ్లు. దాదాపు ఈ వరస. మధ్యలో ఒకటి రెండు మెట్లు స్కూలును బట్టి అటూ ఇటూ అవుతాయి. మీరు 'ఇతర క్రైస్తవులు' గడిలోకి వస్తారు. అది క్యాథలిక్కుల తర్వాతే. ఫారంలో 'క్రిస్టియన్' అని మాత్రమే రాసి వదిలేయకండి, చర్చి పేరు కూడా రాయండి. పరిశీలనలో తేలితే వరస మారిపోతుంది, అప్పటికి మిగతా స్కూళ్ల గడువులు దాటిపోతాయి.

ఫైలు_కట్ట
25 శాతం సంగతి. అది విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) 12(1)(సి). 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ చట్టం మైనారిటీ స్కూళ్లకు, ఎయిడ్ ఉన్నా లేకపోయినా, వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జిల బెంచి ఆ తీర్పు మీద సందేహం వెలిబుచ్చి, పెద్ద బెంచి చూడాలని పంపింది. అంతమాత్రాన పాత తీర్పు పోలేదు. కాబట్టి ఆర్టీఈ సీటని ఎవరైనా డబ్బులడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

బాబు వయసు అసలు చిక్కు. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి 6 ఏళ్లు నిండాలి. 2025-26కి మాత్రం యూకేజీ పూర్తిచేసినవాళ్లకు 5 ఏళ్ల 5 నెలలకు సడలించారు. జూలైలో పుట్టిన పిల్లవాడికి 2026 జూన్ 1న ఒకటి రెండు నెలలు తక్కువ. సడలింపు వస్తుందని నమ్ముకుని ఒకటో తరగతికి మాత్రమే అప్లై చేయకండి. అదే స్కూల్లో యూకేజీ ఖాళీ ఉందేమో కూడా అడగండి. రెండింటికీ ఫారాలు వేరు, గడువులు వేరు.

ఇంకొకటి. జనన ధ్రువపత్రంలో పిల్లవాడి పేరు ఉందో లేదో ఇవాళే తీసి చూడండి. ఆసుపత్రిలో పుట్టగానే నమోదైన పత్రాల్లో పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. ఇంటిపేరు పూర్తిగా రాశారా, పొడి అక్షరమా అన్నది ఆధార్‌తో అక్షరం అక్షరం కలవాలి. మన ఇంటిపేర్ల గొడవ బెంగళూరు ఆఫీసు గుమాస్తాకు అర్థం కాదు. ఆయన 'సర్‌నేమ్' గడిలో ఏది పడితే అది ఎక్కిస్తారు, ఐసీఎస్ఈ తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లో అదే వెళ్లిపోతుంది. ఆ తర్వాత దిద్దించడం నెలల పని.

ఉపదేశి_మనవరాలు
ఈ చర్చ చదివే ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబాల కోసం రాస్తున్నాను. జ్ఞానస్నాన (బాప్తిస్మ) పత్రం ఒక్కటే సరిపోతుందనుకుని వస్తారు, సరిపోదు. మీరు ఇప్పుడు ఉంటున్న విచారణ (పారిష్, అంటే చర్చి పరిధి) గురువుల ఉత్తరం కూడా అడుగుతారు. ఇక్కడే మన తెలుగువాళ్లు దెబ్బతింటారు. తెలుగు పూజ (మాస్) ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్తుంటాం, ఆ గురువులే మనకు తెలిసినవారు. కానీ విచారణ అనేది నివాసాన్ని బట్టి. మీ ఇల్లు ఏ విచారణ హద్దులో ఉందో ఆ గుడిలో కుటుంబ కార్డు ఉండాలి. తెలుగు పూజ చెప్పే గురువులు రాసిచ్చిన ఉత్తరాన్ని చాలా స్కూళ్లు వెనక్కి పంపేస్తాయి. ఇల్లు అద్దెకు తీసుకున్న మొదటి ఆదివారమే పూజ అయ్యాక ఆఫీసుకు వెళ్లి నమోదు చేయించుకోండి. అప్లికేషన్ల వారం వచ్చాక మొహం చూపిస్తే ఏ గురువూ సంతోషంగా సంతకం పెట్టరు, అది న్యాయమే కూడా.

పేర్లు చూసుకోండి. జ్ఞానస్నాన పుస్తకంలో బాలశౌరి అని ఉంటుంది, జనన ధ్రువపత్రంలో జేవియర్ అని ఉంటుంది. శౌరి అంటే జేవియర్ అనీ, రాయప్ప అంటే పీటర్ అనీ, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్ అనీ కన్నడ సిస్టర్‌కు ఎలా తెలుస్తుంది? జ్ఞానస్నానం ఇచ్చిన విచారణ నుంచే, రెండు పేర్లూ ఒకరివే అని ముద్రతో రాయించుకురండి. గుంటూరు, నెల్లూరు మేత్రాసనాల్లో పాత పుస్తకాలు తెలుగులోనే ఉంటాయి. ఇంగ్లీషులో నకలు అడగండి.

నెల్లూరు_నాన్న గారికి: మీకు పాస్టర్ గారి లెటర్‌హెడ్ మీద సభ్యత్వ ఉత్తరం, బాప్తిస్మ పత్రం. బాప్టిస్టుల్లో చిన్నపిల్లలకు బాప్తిస్మం ఉండదు కదా. 'శిశు ప్రతిష్ఠ' పత్రం ఉంటే అది, లేకపోతే తల్లిదండ్రుల బాప్తిస్మ పత్రాలు జతచేసి, పిల్లలకు ఎందుకు లేదో ఉత్తరంలోనే ఒక వాక్యం రాయించండి. క్యాథలిక్ ఆఫీసులో ఈ తేడా తెలియక 'పత్రం లేదు' అని పక్కన పెట్టేస్తుంటారు.

మారతహళ్లి_అమ్మ
హిందూ పిల్లలకు ప్రార్థన, పూజ తప్పనిసరా? బొట్టు, గాజులు, అయ్యప్ప మాల వేసుకుంటే ఒప్పుకుంటారా?

ఉపదేశి_మనవరాలు
అసెంబ్లీలో శిలువ గుర్తు, పరలోక జపం ఉంటాయి. మిగతా పిల్లలు చేతులు కట్టుకుని నిశ్శబ్దంగా నిలబడితే చాలు. టైంటేబుల్‌లో ఒకే పీరియడ్‌కు రెండు తరగతులు నడుస్తాయి. క్యాథలిక్ పిల్లలకు జ్ఞానోపదేశం, మిగిలినవాళ్లకు మోరల్ సైన్స్. రాజ్యాంగం 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మతబోధకు, ఆరాధనకు మైనర్ల విషయంలో సంరక్షకుల సమ్మతి కావాలి. మీకు అభ్యంతరం ఉంటే చేరేటప్పుడే మర్యాదగా రాసివ్వండి.

ఒక్కటి మాత్రం పిల్లలకు ఇంట్లోనే చెప్పి పంపండి. మొదటి శుక్రవారం పూజకు స్కూలంతా వెళ్లినప్పుడు, అందరూ వరసలో నిలబడుతున్నారని మీవాళ్లు కూడా వెళ్లి దివ్యసత్ప్రసాదం చేతిలోకి తీసుకోకూడదు. మాకు అది క్రీస్తు శరీరం. ప్రసాదం పంచుతున్నారనుకుని చిన్నపిల్లలు తీసుకుని జేబులో వేసుకుంటారు, తర్వాత స్కూలంతా కలవరం అవుతుంది. పిల్లల తప్పు ఉండదు, ఎవరూ చెప్పకపోవడమే తప్పు. బాప్టిస్టు పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. బెంచీలో కూర్చుంటే చాలు.

పదో_తరగతి_బెంచి
మాల, గాజులు అడిగారు కదా ఆంటీ, గుండు, గోరింటాకు కూడా కలిపి చెప్తాను: డైరీ వెనక పేజీల్లో నియమాలు ఉంటాయి, వాటిలో మెహందీ, గాజులు, పూలు వద్దని చాలా స్కూళ్లలో ఉంటుంది. గుండుకు ఏమీ అనరు. అట్లతద్దికి గోరింటాకు పెడితే పదిహేను రోజులు పోదు కాబట్టి ముందు రోజు క్లాస్ టీచర్‌కు డైరీలో రాసి పంపాలి. మాల వేసుకునేవాళ్లు ఎన్నాళ్లు, బూట్లు లేకుండా వస్తారా, యూనిఫాం మీద కండువా ఉంటుందా అని ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇస్తే పీటీ పీరియడ్‌లో ఇబ్బంది ఉండదు. ఉత్తరం లేకుండా వస్తే గేటు దగ్గరే ఆపుతారు, అందరి ముందు అడుగుతారు. అది పిల్లలకు చాలా కష్టంగా ఉంటుంది.

ఇంకో విషయం పెద్దవాళ్లు పట్టించుకోరు. ఆరో తరగతిలో కొత్తగా వచ్చినవాళ్లకు స్నేహితులు దొరకడం ఆలస్యం, ఎందుకంటే మిగతావాళ్లు ఎల్‌కేజీ నుంచి కలిసే ఉంటారు. హౌస్ కేటాయింపు అయ్యాక ఏదో ఒక హౌస్ టీంలోకి, క్వయర్‌లోకి, స్కౌట్‌లోకి వెంటనే పేరు ఇవ్వాలి. క్వయర్‌లో అన్ని మతాలవాళ్లూ పాడతారు. జూలై దాటితే టీంలు నిండిపోతాయి.

కోలారు_తెలుగు
కన్నడ గురించి ఎవరూ చెప్పలేదే. 2015 చట్టం ప్రకారం కర్ణాటకలో స్కూళ్లన్నీ కన్నడను మొదటి లేదా రెండో భాషగా నేర్పాలి. ఆరో తరగతికి వచ్చే పాప ఏ భాషలు తీసుకోవాలి, కన్నడ మార్కులు ఎప్పటి నుంచి లెక్కకొస్తాయి అని ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. స్టేట్ సిలబస్ అయితే ఎస్‌ఎస్‌ఎల్‌సీలో మొదటి భాషకే 125 మార్కులు, కాబట్టి ఆ ఎంపిక బరువైనది.

భయం మాత్రం వద్దన్నా. తెలుగు చదవడం వచ్చిన పిల్లకు కన్నడ అక్షరాలు మూడు నాలుగు వారాల పని. తలకట్టు రాసే తీరు మారుతుంది, గుండ్రాలు దాదాపు అవే. మాటల్లో ఒక తాళంచెవి చెప్తా: మన 'ప' మొదట్లో ఉంటే కన్నడలో చాలాసార్లు 'హ' అవుతుంది. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు. ఇది పట్టుకుంటే సగం పదకోశం వచ్చినట్టే. తెలుగు పిల్లలు తప్పేది ఒకేలా వినబడి అర్థం మారే మాటల దగ్గర. అక్కడ 'మాడు' అంటే 'పని చెయ్యి' అనడం. 'మగ' అంటే కొడుకు. తర్వాత బహువచనం 'గళు', విభక్తులు. ఇవి రాతలోనే పోతాయి. రోజూ అరగంట చూచిరాత, పది మాటలు ఉక్తలేఖనం చేయిస్తే దసరాకు గాడిలో పడుతుంది. తెలుగు చదవడం రాని, ఇంట్లో మాట్లాడటం మాత్రమే వచ్చిన పిల్లలకు ఈ సౌకర్యం లేదు. కాబట్టి వచ్చేముందు వేసవిలో తెలుగు చదవడం గట్టిచేయండి, అదే కన్నడకు పునాది.

నెల్లూరు_నాన్న
పాప తెలుగు బాగానే చదువుతుంది. ఐసీఎస్ఈనా, స్టేటా? ఒక ఏడాది నెల్లూరులోనే ఉంచి ఏడో తరగతికి తెస్తే బాగుంటుందా అని కూడా ఆలోచన.

వరంగల్_అక్క
ఆ ఏడాది ఆపకండి తమ్ముడూ. లెక్క చూడు. కర్ణాటక సీఈటీలో ఇంజనీరింగుకు అందరూ పట్టుకునే 'ఎ' క్లాజు (స్థానిక అర్హత నిబంధన)కు, ఒకటి నుంచి పన్నెండు లోపల 7 విద్యా సంవత్సరాలు కర్ణాటకలో చదివి ఉండాలె. ఆరు నుంచి పన్నెండు దాకా లెక్కపెడితే సరిగ్గా 7. ఏడో తరగతిల చేర్పిస్తే 6 ఏ వస్తది. వేరే క్లాజులు ఉన్నయి గాని అవి తల్లిదండ్రుల ఉద్యోగం, చదువు మీద ఆధారపడేవి. ప్రైవేటు ఉద్యోగంల ఉన్నోళ్లకు అన్నీ అందవు.

అటువైపు చూస్తే, ఆంధ్రాల లోకల్ కావాలంటే అర్హత పరీక్ష దాకా వరుసగా 4 ఏండ్లు అక్కడ చదవాలె, అంటే తొమ్మిదో తరగతి నుంచి. తెలంగాణల కూడ మెడికల్ సీట్లకు 2024 నుంచి తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు అనే పట్టుకున్నరు, సుప్రీంకోర్టు కూడ 2025ల దాన్ని నిలబెట్టింది. లోకల్ కాకపోయినా, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంల మొత్తం 10 ఏండ్లు ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే ఆంధ్రాల 15 శాతం కోటాకు పోవచ్చు. అందుకే నెల్లూరు విడిచే ముందే తహసీల్దార్ ఆఫీసుల నివాస ధ్రువపత్రాలు తీసుకోండి. ఊరు వదిలినంక పాత రేషన్ కార్డు, కరెంటు బిల్లులు ఎవరు వెతుకుతరు?

కాబట్టి ఎనిమిదో తరగతి అయిపోయే నాటికి ఇంట్ల కూర్చొని తేల్చుకోవాలె: ఇక్కడేనా, ఎనక్కా. తొమ్మిదిల ఐసీఎస్ఈ బోర్డు రిజిస్ట్రేషన్ కూడ అయితది. ఆ తర్వాత బోర్డు మారుడు కష్టం. మధ్యల పదో తరగతికి తీసుకుపోతే రెండు దిక్కుల నుంచీ నష్టం.

మ్యూజియం_రోడ్డు
అక్క చెప్పిన 7 లెక్క బంగారం. బోర్డు గురించి: ఐసీఎస్ఈ స్కూళ్లలో ఆరో తరగతి నుంచే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విడివిడి పుస్తకాలు. పదిలో ఇంగ్లీషు రెండు పేపర్లు, ఒకటి భాష, ఒకటి సాహిత్యం. హిస్టరీ-సివిక్స్ ఒకటి, జాగ్రఫీ ఒకటి. పేపరుకు 80 రాతపరీక్ష, 20 స్కూలు లోపలి మార్కులు. ఈ 20 ప్రాజెక్టు ఫైళ్ల మీద ఉంటాయి. చేతిరాతతో, గడువులోగా ఇవ్వాలి. నెల్లూరులో లెక్కలు గట్టిగా చేసే పిల్ల ఇక్కడ తడబడేది ఇంగ్లీషు వ్యాసం, సొంత మాటల్లో జవాబు దగ్గరే. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష కూడా ఎక్కువగా ఇంగ్లీషు, లెక్కలు, రెండో భాషలో ఉంటుంది. ఇప్పటి నుంచి వారానికి రెండు రోజులు ఒక పేజీ కథనం, ఒక ఉత్తరం రాయించండి. చదివి అర్థం చేసుకుని జవాబులు రాసే అభ్యాసం కూడా.

అగ్రమేత్రాసనం నడిపే ఎయిడెడ్ స్టేట్ సిలబస్ బడులను తీసిపారేయకండి. ఎయిడెడ్ పోస్టులకు జీతం ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి ఫీజు తక్కువ. కొన్ని చోట్ల ఒకే ఆవరణలో రెండు బోర్డులూ ఉంటాయి, అప్లికేషన్ వేసేటప్పుడు ఏ విభాగమో గట్టిగా అడగండి.

ఆరో తరగతి సీట్లకు ప్రకటన ఉండదు. ఎవరో టీసీ తీసుకుంటేనే ఖాళీ. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా వస్తాయి. అప్లికేషన్ నంబరు, పిల్ల పేరు, తరగతి, ఫోను రాసిన చిన్న ఉత్తరం ఆఫీసులో ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకుని, రెండు వారాలకోసారి వెళ్లి అడగాలి. ఫోన్లో 'నో వేకెన్సీ' అంటే అది ఆ రోజు మాట.

డొనేషన్ పేరుతో రసీదు లేని నగదు ఎవరడిగినా ఇవ్వకండి. కర్ణాటకలో క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం 1984 నుంచే ఉంది. ఫీజు కాగితంలో ట్యూషన్ ఫీజు విడిగా చూపమని అడగండి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజుకే మినహాయింపు. డెవలప్‌మెంట్, బస్సు, విరాళం అందులోకి రావు.

మారతహళ్లి_అమ్మ
కె.ఆర్. పురం నుంచి మ్యూజియం రోడ్డు దాకా చిన్నపిల్లలు ఎలా వెళ్తారండీ?

కోలారు_తెలుగు
మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా తెగకుండా నడుస్తోంది. కె.ఆర్. పురంలో ఎక్కి ఎంజీ రోడ్డులోనో కబ్బన్ పార్కులోనో దిగొచ్చు. ఆరో తరగతి పిల్లకు పెద్దవాళ్లు తోడుంటే ఇది నడుస్తుంది. ఒకటో తరగతి బాబుకు వద్దు, సాయంత్రం రద్దీలో నిలబడలేడు. అతనికి ఇంటి దగ్గరి బడే నయం. ఇద్దరినీ ఒకే స్కూల్లో వేయాలన్న పట్టుదలతో ఆరేళ్లవాడిని రోజూ అంత దూరం తిప్పకండి.

ప్రైవేటు వ్యాన్ పెడితే పసుపు నంబరు బోర్డు ఉందా చూడండి. తెల్ల బోర్డు సొంత కారులో డబ్బు తీసుకుని పిల్లల్ని తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ అడ్డం తిరుగుతుంది. వేగం 40 దాటకూడదు. సంచి బరువు కూడా చూసుకోండి. 2019 ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఒకటి, రెండు తరగతులకు 2 కిలోలు మించకూడదు, ఆరు నుంచి ఎనిమిది దాకా 4.

ఫైలు_కట్ట
సెలవుల సంగతి ముందే చెప్పాలి. సంక్రాంతికి ఇక్కడ మనలాగా వారం పది రోజులుండవు. పొడుగు సెలవులు దసరాకు, క్రిస్మస్‌కు. జనవరిలో ఊరెళ్లి పదిరోజులు ఉండిపోతే హాజరు పడిపోతుంది. ఐసీఎస్ఈలో తొమ్మిది, పది తరగతులకు 75 శాతం హాజరు తప్పనిసరి.

నెల్లూరు_నాన్న
అందరికీ కృతజ్ఞతలు. పాపను ఈ ఏడాదే ఆరుకు తెస్తాం. బాబుకు ఇంటి దగ్గర యూకేజీ, ఒకటి రెండూ వెతుకుతాం. ఇప్పుడు నెల్లూరు బడిలో చేయించాల్సిన పని ఏమైనా మిగిలిందా?

ఫైలు_కట్ట
మిగిలింది, అదే ఎక్కువమంది మర్చిపోతారు. టీసీ చేతికిస్తే పని అయిపోలేదు. యూడైస్ ప్లస్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో పాప పెన్ నంబరును (విద్యార్థి శాశ్వత సంఖ్యను) పాత బడి డ్రాప్‌బాక్స్‌లోకి పంపాలి. పంపకపోతే బెంగళూరు స్కూలు తన జాబితాలోకి లాక్కోలేదు. ఇక్కడి శాట్స్ నంబరు (కర్ణాటక విద్యార్థి నమోదు సంఖ్య) కూడా వెనకబడుతుంది. వేసవి సెలవుల్లో పాత బడిలో కంప్యూటరు చూసే టీచరు దొరకరు. ఏప్రిల్ ఆఖరులోపు వాళ్ల ముందు కూర్చుని చేయించండి, స్క్రీన్ ఫొటో తీసుకోండి. రాష్ట్రం మారుతున్నారు కాబట్టి టీసీ మీద మండల విద్యాధికారి ప్రతిసంతకం కూడా వేయించండి. ఒకటి నుంచి ఐదు దాకా స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి.

బెంగళూరులో చేరాక ఆరో తరగతి నుంచి ఏ స్కూలు మారినా అక్కడి స్టడీ సర్టిఫికెట్ మీద బీఈవో (బ్లాక్ విద్యాధికారి) ప్రతిసంతకం అప్పటికప్పుడే వేయించి పెట్టుకోండి. సీఈటీ నాటికి ఆ 7 ఏళ్లకూ కాగితం చూపించాలి.